అమ్మలూ, నీ రిపోర్టు చదివాను

రాజమండ్రి,
ఆదివారం మధ్యాహ్నం

అమ్మలూ,

నువ్వు పంపిన మన డీఎన్‌ఏ పరీక్ష రిపోర్టులు వాట్సాప్‌లో వచ్చిన రోజే చూశాను. ఫోన్‌లో జవాబు కొడదామని కూర్చుంటే నాలుగు వాక్యాలకే బొటనవేళ్లు పీకడం మొదలెట్టాయి. పైగా మీ నాన్న వెనకాల నుంచుని "అదేంటి, ఇదేంటి" అని ఒకటే ప్రశ్నలు. అందుకే కాగితం మీద రాసి ఫొటోలు తీసి పంపుతున్నాను. 30 ఏళ్లు ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పినదాన్ని. నల్లబల్ల ఎలాగూ లేదు, కనీసం కాగితమైనా లేకపోతే నాకు నోరు పెగలదు.

పోయిన వేసవిలో మీ ఇంట్లో ముగ్గురం వరసగా కూర్చుని గొట్టాల్లో ఉమ్మడం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అరగంట ముందు నుంచీ ఏమీ తాగకూడదన్నావు. పొద్దున్నే కాఫీ పడకపోతే మీ నాన్నకి నోట్లో ఉమ్మి కూడా ఊరదాయె. ఆఖరికి ఆవకాయ జాడీ మూత తీసి ముక్కు దగ్గర పెడితేగాని గొట్టం గీత దాకా నిండలేదు. అంత కష్టపడి ఉమ్మితే ఫలితం వచ్చాక మన ఫ్యామిలీ గ్రూపులో జరిగిన గొడవ నువ్వు చూశావు కదా, అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీ నాన్న తండ్రివైపు వరస "హెచ్" అని వచ్చింది. మీ బాబాయి వెంటనే గూగుల్‌లో "హెచ్ గ్రూపు" అని కొట్టి, యూరప్‌లో ఎక్కువ మందికి ఉండేది హెచ్ అని చదివి, గ్రూపులో పెట్టేశాడు. "మన మూలాలు యూరప్‌లో ఉన్నాయిట!" దాని కింద 14 మంది చప్పట్లు. నేను ఆ పూట పప్పు మాడబెట్టుకున్నాను ఆ మెసేజీ చూసి.

ఈ అక్షరాలు రెండు వేర్వేరు బీరువాల్లో సొరుగులకి అంటించిన చీటీల్లాంటివి. తల్లివైపు వరస మైటోకాండ్రియాలో ఉండే డీఎన్‌ఏ చెబుతుంది. అది మొత్తం 16,569 అక్షరాల చిన్న ఉంగరం, తల్లి నుంచే పిల్లలకి వస్తుంది. తండ్రివైపు వరస వై క్రోమోజోమ్ చెబుతుంది, అది తండ్రి నుంచి కొడుక్కి. రెండింటికీ ఏ, బీ, సీ, డీ అనే పేర్లే పెట్టారు గానీ ఒకదానికీ ఇంకోదానికీ ఏ చుట్టరికమూ లేదు. యూరప్‌లో అంత మందికి ఉండేది తల్లివైపు హెచ్. మీ నాన్నది తండ్రివైపు హెచ్, అందులో ఎం82 అనే కొమ్మ. అది అచ్చంగా మన ఉపఖండంలో పెరిగిన చెట్టు. కోయవాళ్ల దగ్గర నుంచి గోదావరి డెల్టాలో వ్యవసాయం చేసుకునేవాళ్ల దాకా అందరిలోనూ కనిపిస్తుంది. అక్షరాల వరసకి కూడా అర్థం లేదు. తల్లివైపు ఏ, బీ, సీ, డీ అనే పేర్లు అమెరికా ఆదివాసులని పరీక్షించినప్పుడు ముందు పెట్టారు, తరవాత దొరికినవాటికి తరవాతి అక్షరాలు. రేషన్ షాపు దగ్గర ఎవరు ముందొస్తే వాళ్లకి ముందు నంబరు ఇచ్చినట్టు.

ఇంతకీ తమాషా ఏమిటంటే, మీ బాబాయి చెప్పినదాంట్లో ఇసుమంత నిజం ఉంది, ఆయనకి తెలియకుండానే. యూరప్‌లో రోమా అనే జనం ఉన్నారు. సంచారం చేస్తూ, బళ్ల మీద తిరుగుతూ, అక్కడివాళ్లచేత శతాబ్దాల తరబడి ఛీత్కారాలు పడ్డవాళ్లు. వాళ్ల పూర్వీకులు సుమారు 1,500 ఏళ్ల కిందట మన దేశం వాయవ్యం నుంచి బయలుదేరినవాళ్లు. వాళ్ల మగవాళ్లలో చాలామందికి ఉండేది ఇదే హెచ్-ఎం82. కాబట్టి యూరప్‌లో మీ నాన్నకి చుట్టాలున్నారు. గ్రూపులో ఆ మాట రాస్తే మీ బాబాయి ఇప్పటిదాకా జవాబివ్వలేదు.

గ్రూపులో ఇంకొకాయన, ఎవరో నీకు తెలుసు, "ఆర్1ఏ రావాలి కదా, రిపోర్టు తప్పేమో" అని రాశారు. ఆయన బాధ నాకర్థమైంది. ఆర్1ఏ అనేది ఇంకో తండ్రివైపు వరస. అదంటే ఆర్యులనీ, అది ఉంటే గొప్ప అనీ ఎక్కడో చదివారు. 2003లో వచ్చిన ఒక పరిశోధనలో మన నల్లమల చెంచులని పరీక్షిస్తే వాళ్లలో 26 శాతం మగవాళ్లకి ఆర్1ఏ ఉంది. అడవిలో తేనె తీసుకుని బతికే చెంచుకి ఉండి, గ్రూపులో గోత్రం చెప్పుకునే ఈయనకి లేకపోతే ఏం చేస్తాం? గోత్రం కూడా తండ్రి నుంచి కొడుక్కే వస్తుంది కదా, వై క్రోమోజోమ్‌లాగే. ఒక గోత్రం వాళ్లందరికీ ఒకటే వరస ఉండాలి అనుకుంటారు. పరీక్షిస్తే ఒకే గోత్రంలో నాలుగైదు వేరు వేరు వరసలు బయటపడటం మామూలే. దత్తతలున్నాయి, ఇల్లరికాలున్నాయి, ఇంటిపేరు మార్చుకున్నవాళ్లున్నారు, ఇంకా చెప్పకూడనివీ ఉన్నాయి.

ఆర్1ఏ మన దేశంలోకి ఎప్పుడొచ్చింది, ఎవరితో వచ్చింది అనేది పెద్ద కథ. మధ్య ఆసియా గడ్డి మైదానాల పశుపాలకులు క్రీ.పూ. 2000-1500 మధ్య వచ్చి ఇక్కడివాళ్లతో కలిశారని 2019లో పాత ఎముకల డీఎన్‌ఏ చూసి తేల్చారు. 523 మంది పాతకాలపు మనుషుల డీఎన్‌ఏ అది. అంతకుముందే 2013లో మన హైదరాబాద్ సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్లూ హార్వర్డ్ వాళ్లూ కలిసి ఇంకో లెక్క వేశారు. 4,200 ఏళ్ల కిందటి నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా ఈ దేశంలో అందరూ అందరితోనూ కలిశారు. ఆ కలయిక తగలని జనం దాదాపు లేరు, కొండల్లో ఉన్నవాళ్లతో సహా. ఆ తరవాత ఎవరి తలుపులు వాళ్లు వేసుకున్నారు. మనలోవాళ్లనే చేసుకోవాలి అనేది అప్పటి నుంచి గట్టిపడింది.

సరే, ఇక నీ ప్రశ్న. "అమ్మా, నా తల్లివైపు వరస యూ2బీ2 అంట. రాఖీగఢీలో దొరికిన ఆవిడది కూడా అదేనట. మనం ఆవిడ సంతతా?" అని మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టావు. ఆ మెసేజీ చూసినప్పుడు ఒక్క నిమిషం నా ఒళ్లు కూడా జలదరించింది, అబద్ధమెందుకు.

రాఖీగఢీ హర్యానాలో హిసార్ జిల్లా. సింధు నాగరికత ఊళ్లలో పెద్దది. అక్కడి శ్మశానంలో 60కి పైగా నమూనాలు తీసి ప్రయత్నిస్తే ఒకే ఒక్క మనిషి డీఎన్‌ఏ చదవడానికి వీలైంది, అదీ చెవి లోపలి గట్టి ఎముకలోంచి. సుమారు 4,500 ఏళ్ల కిందటి ఆడమనిషి. ఆమెలో గడ్డి మైదానాల వాళ్ల రక్తం లేదు. ఆమె తల్లివైపు వరస యూ2బీ2. ఇదంతా నిజం. కానీ ఆవిడ నీకు ముత్తవ్వ కాదే.

యూ2బీ2 అనేదాన్ని మన మునిసిపాలిటీ డోర్ నంబరులా చదువు. ముందు వార్డు, తరవాత బ్లాకు, తరవాత ఇల్లు, ఆపైన "బై"లు. ఆఫ్రికాలోని ఎల్3 నుంచి ఎన్, ఎన్ నుంచి ఆర్, ఆర్ నుంచి యూ, దాని నుంచి యూ2, తరవాత యూ2బీ, తరవాత యూ2బీ2. ప్రతి మలుపులోనూ ఎవరో ఒక తల్లిలో ఒక అక్షరం మారింది, ఆ మార్పు ఆమె కూతుళ్లకి, వాళ్ల కూతుళ్లకి వెళ్లింది. యూ2 కొమ్మల్లో ఒకటి యూరప్‌వైపు పోయింది. రష్యాలో కోస్తెంకి అనే చోట దొరికిన 37 వేల ఏళ్ల కిందటి మగమనిషిది కూడా యూ2నే. ఏ, బీ, సీ కొమ్మలు మాత్రం మనవైపు విస్తరించాయి. రాఖీగఢీ ఆవిడా నువ్వూ ఒకే వీధిలో డోర్ నంబరున్నవాళ్లు. ఆ వీధి వేసిన తల్లి వీళ్లందరికన్నా వేల ఏళ్ల ముందుది. ఒకే వీధిలో ఉన్నంత మాత్రాన ఎదురింటావిడ మీ అమ్మమ్మ అవుతుందా? యూ2బీ2 వాళ్లు ఇప్పటికీ మన దేశంలో ఎక్కడపడితే అక్కడున్నారు. ఒక్కరి ఎముక దొరికింది, ఆ ఒక్కరిదీ నీ వీధే అయింది. అంతవరకు సంతోషించు.

యాగంటి వెళ్లినప్పుడు జ్వాలాపురం దగ్గర బూడిద పొర చూపించాను, గుర్తుందా? నువ్వు ఎండకి తిట్టుకుంటూ కారు దిగలేదు. సుమత్రాలో టోబా అనే అగ్నిపర్వతం 74 వేల ఏళ్ల కిందట పేలితే ఆ బూడిద మన జుర్రేరు లోయ దాకా వచ్చి పడింది. ఆ పొర కిందా పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రకటించారు. మీ నాన్న ఇప్పుడు దాన్ని పట్టుకుని "మనం 74 వేల ఏళ్లుగా ఇక్కడే" అంటున్నారు. ఆ పనిముట్లు చేసినవాళ్లు మనలాంటి మనుషులేనా, వేరే జాతివాళ్లా అని పండితులు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. నీ రిపోర్టులో ఉన్న వరసలు ఆఫ్రికా దాటింది 50 నుంచి 70 వేల ఏళ్ల మధ్య అని లెక్క. ఆ పొర కింద రాయి చెక్కినవాడికీ నీకూ ముడిపెట్టడానికి నా దగ్గర దారం లేదు.

ఇంక అసలు విషయానికి వస్తాను. నా తల్లివైపు వరసే నీది. నేను నీకిచ్చాను, మా అమ్మ నాకిచ్చింది, మా అమ్మమ్మ మా అమ్మకిచ్చింది. ఇక్కడే మన ఇంట్లో ఒక మెలిక ఉంది. మా నాన్న చేసుకున్నది తన సొంత అక్క కూతుర్ని. అంటే మా అమ్మమ్మా మా నాన్నా తోడబుట్టినవాళ్లు. వాళ్లిద్దరినీ కన్నది మా నాన్నమ్మ. కాబట్టి మా నాన్నమ్మ నాకు ఒకవైపు నుంచి నాన్నమ్మ, ఇంకోవైపు నుంచి అమ్మమ్మకి అమ్మ. చిన్నప్పుడు ఆవిణ్ని ఏమని పిలవాలో తెలియక మా అన్నయ్యా నేనూ "పెద్దమామ్మ" అని రాజీపడ్డాం.

ఎవరి ఇంట్లోనైనా నాన్నమ్మ వరస నాన్న దగ్గరే ఆగిపోతుంది. మైటోకాండ్రియా మగవాడు పిల్లలకి ఇవ్వలేడు కదా. మా ఇంట్లో మాత్రం మా నాన్నకీ అమ్మకీ ఒకే వరస, ఇద్దరికీ పెద్దమామ్మదే. నాకు అమ్మ ద్వారా చేరింది. నీ గొట్టంలో ఉమ్మిలో కనపడ్డ ఆ 16,569 అక్షరాలు, ఇదిగో ఈ ముక్కుపుడక పెట్టుకుని అరుగు మీద కూర్చుని చింతపండు ఒలిచే మనిషివి. నీకు ఆవిడ ఫొటో చూపించాను, కుడి కన్ను సగం మూసుకుని ఉంటుంది, అదే.

మీ నాన్న దగ్గర వంశవృక్షం నోటుబుక్కుంది, నీకు తెలుసు. 11 తరాలు. అందరూ మగవాళ్లే. ఆడవాళ్లున్న చోట "భార్య" అని రాసి పక్కన ఊరి పేరు, కొన్నిచోట్ల అది కూడా లేదు. తరానికి 30 ఏళ్లు వేసుకుంటే 330 ఏళ్లు. నేను మొన్న లెక్క వేసి చూపించాను ఆయనకి. 11 తరాల వెనక వరసలో మనిషికి 2,048 పూర్వీకుల గళ్లుంటాయి. ఆ నోటుబుక్కు నింపింది ఒక్క గడి. వై వరస చెప్పేది ఆ గడి గురించే. తల్లి వరస ఇంకో గడి. మిగతా 2,046 గళ్ల గురించి ఈ హెచ్‌లూ యూలూ ఒక్క ముక్క చెప్పవు. పైగా అంత వెనక్కి వెళితే సగానికి పైగా పూర్వీకుల డీఎన్‌ఏ ఒక్క తునక కూడా నీ ఒంట్లో మిగిలి ఉండకపోవచ్చు. మేనరికాలవల్ల మన గళ్లలో ఒకే మనిషి రెండు మూడు చోట్ల కూర్చుని ఉంటారు, అది వేరే సంగతి. ఆయన కాసేపు నోటుబుక్కు వంక చూసి, మూసేసి, టీ పెట్టమన్నారు.

నా రిపోర్టులో క్రోమోజోముల్లో రెండు పక్కలా అచ్చంగా ఒకేలా ఉన్న పొడుగు ముక్కలు చాలా ఉన్నాయని నువ్వు టెన్షన్ పడ్డావు. మేనమామ-మేనకోడలు పెళ్లిలో పుట్టినవాళ్లకి సగటున ఎనిమిదో వంతు అలా ఉంటుంది. బావామరదళ్ల పెళ్లయితే పదహారో వంతు. నాకు రెండువైపులా పెద్దమామ్మ, తాతల నుంచే వచ్చిన ముక్కలు కొన్ని ఎదురెదురు పడ్డాయి, అంతే. నీకు అవి రావు. నేను బయటి సంబంధం చేసుకున్నాను, మీ నాన్న వాళ్లకీ మాకూ ఏ వరసా లేదు. ఒక్క తరంలో ఆ ముక్కలన్నీ పోయాయి. నీ కడుపులో ఉన్నవాడికి దీనివల్ల ఏ భయమూ లేదు.

మా అమ్మకి నాకన్నా ముందు ఇద్దరు పుట్టి పోయారు. దానికి మేనరికమే కారణమని నేననను, ఆ రోజుల్లో పిల్లలు దేనికైనా పోయేవారు. కాదనీ అనను.

తలుపులు వేసుకుని రెండు వేల ఏళ్లు లోపలే పెళ్లిళ్లు చేసుకుంటే ఏమవుతుందో మన దగ్గర ఒక మంచి ఉదాహరణ ఉంది. 2009 నాటి అధ్యయనంలో ఆంధ్రా వైశ్యులు 2,000-3,000 ఏళ్లుగా బయటివాళ్లతో దాదాపు కలవలేదని తేలింది. వాళ్లలో కొందరికి రక్తంలో బ్యూటిరిల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ తక్కువగా ఉంటుంది. మామూలుగా బతికినన్నాళ్లూ తెలియదు. ఆపరేషన్‌లో కండరాలు వదులవడానికి ఇచ్చే ఒక మందు మాత్రం అందరికీ నిమిషాల్లో దిగిపోతుంది, వీళ్లకి గంటలు పడుతుంది, అంతసేపూ సొంతంగా ఊపిరి తీసుకోలేరు. ముందే తెలిస్తే మత్తు డాక్టరు వేరే మందు వాడతారు, కథ అయిపోతుంది. నువ్వు కులం అనే మాట వింటేనే ముఖం తిప్పుకుంటావు, నాకు నచ్చుతుంది. అయినా కాన్పు ముందు మత్తు డాక్టరు "మీ వాళ్లెవరికైనా మత్తుతో ఇబ్బందయిందా" అని అడిగితే సరిగ్గా గుర్తు తెచ్చుకుని చెప్పు. మనవైపు ఎవరికీ కాలేదు. తలసీమియా (తల్లిదండ్రుల నుంచి పిల్లలకి వచ్చే రక్తం జబ్బు) పరీక్ష ఈ ఉమ్మి గొట్టంతో అయిపోయిందనుకోకు. అది అక్కడి హాస్పిటల్లో రక్తం ఇచ్చి చేయించుకోవాలి, ఇద్దరూ.

శాతాల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. "దక్షిణ భారతం, శ్రీలంక" అని 90 పైన వచ్చింది, అది చెప్పడానికి అంత డబ్బెందుకని మీ నాన్న. ఆ 2 శాతం మధ్య ఆసియా చూసి ముచ్చట పడకు. వాళ్ల దగ్గరున్న ఇప్పటి మనుషుల నమూనాలతో పోల్చి వేసే అంచనా అది. కొత్త నమూనాలు చేరితే వచ్చే ఏడు ఆ 2 కాస్తా మాయమై ఇంకో దేశం కనపడుతుంది.

చుట్టాల జాబితాలో వందల మంది తెలుగువాళ్లు "నాలుగో తరం కజిన్" అని రావడం కూడా అలాంటిదే. తరతరాలు లోపలే చేసుకున్నవాళ్లలో పాతకాలపు చిన్న చిన్న ముక్కలు అందరి దగ్గరా ఉంటాయి. కంప్యూటర్ వాటన్నిటినీ కూడి దగ్గరి చుట్టరికం అనుకుంటుంది. మొత్తం చూడకు, అన్నిట్లోకీ పొడుగు ముక్క ఎంతుందో చూడు. ఏడెనిమిది సెంటీమోర్గాన్లకి (డీఎన్‌ఏ ముక్కల పొడుగు కొలిచే లెక్క అది) మించని ముక్కలే ఉంటే "నమస్కారం" చెప్పి వదిలెయ్. న్యూజెర్సీ అమ్మాయి ఒకామె నీకు మెసేజీ పెట్టిందన్నావే, 41 ఉన్న ఒకే ముక్క, ఆమెకి మాత్రం జవాబివ్వు. వాళ్ల అమ్మమ్మది ముమ్మిడివరం అని రాసిందన్నావు కదా.

ఆ జాబితాలో కనపడటానికి ఒప్పుకున్న మీట ఆమెతో మాట్లాడాక ఆపేయ్. ఇలాంటి పెద్ద కంపెనీ ఒకటి అమెరికాలో 2025 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది. 2023లో దాని దగ్గరి నుంచి సుమారు 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, ఇది మార్చుకోలేం. పైగా నీది బయటపడితే నాదీ, మామయ్యదీ, వాడి పిల్లలదీ కొంత కొంత బయటపడ్డట్టే, వాళ్లని ఎవరూ అడగలేదు.

ముమ్మిడివరం అన్నాను కదా. పెద్దమామ్మ వాళ్ల అమ్మది ఆ ఊరే. ఇంట్లో అందరూ ఆవిణ్ని "ముమ్మిడివరం ఆవిడ" అనే అనేవారు, నాకు పేరు తెలియదు. ఈ ఉత్తరం చివరి కాగితం మీద ఒక చెట్టు గీశాను, మీ నాన్న నోటుబుక్కుకి తలకిందులుగా, అందరూ ఆడవాళ్లే. నువ్వు, నేను, మా అమ్మ, అమ్మమ్మ, పెద్దమామ్మ, అయిదు పేర్లు రాశాను. ఆరో గడిలో పేరు లేదు. కొత్తపేటలో మా పిన్నికి 91 వచ్చాయి, నిన్నటి సంగతి మర్చిపోతుంది గానీ 1940ల నాటివి అడిగితే చీరల రంగులతో సహా చెబుతుంది. గురువారం బస్సులో వెళ్తున్నాను. ఫోన్‌లో మాటలు రికార్డ్ చేయడం ఎలాగో మొన్న చెప్పావు, మళ్లీ మర్చిపోయాను, బుధవారం రాత్రి ఫోన్ చెయ్.

కాఫీపొడి, సున్నిపిండి మీ స్నేహితురాలి తమ్ముడికిచ్చి పంపాను, 20న వస్తాడు. ఉసిరికాయ పచ్చడి పెట్టలేదు, ఈసారి కాయ బాగాలేదు.

అమ్మ